డ్రైవరుకు ఏమైనా చెప్పాలా?

ఆ ఆఫీసు కంప్యూటర్లలో ఉండే మనుషులందరికీ కూరగాయల పేర్లు. బెండ 204 అనే ఆవిడ నెలనెలా కళ్ల ఆసుపత్రికి వెళ్తుంది. ముల్లంగి 88 పొద్దున బండి బుక్ చేస్తాడు, మధ్యాహ్నం రద్దు చేస్తాడు, సాయంత్రం మళ్లీ బుక్ చేస్తాడు. క్యారెట్ 31 పుట్టినరోజు ఒక్కోసారి ఒక్కో తేదీన వస్తుంది. వీళ్లంతా ఎక్కడో నిజంగా ఉన్న మనుషులే. అసలు పేర్లేమిటో మాత్రం ఆఫీసులో ఎవరికీ తెలియదు, తెలియకూడదు కూడా.

నడవలేనివాళ్లనీ, తోడు లేనివాళ్లనీ ఇంటి దగ్గర ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లి, మళ్లీ ఇంటి దగ్గర దింపే బళ్ల సంస్థ ఒకటి ఉంది. దాని వెబ్‌సైటు చేసిపెట్టింది ఈ ఆఫీసు. రోడ్డు మీద ఒక టైర్ల దుకాణం, దాని మీద రెండో అంతస్తులో పొడుగాటి గది, గదికి ఒక చివర ఎప్పుడూ సగం తెరిచే ఉండే కిటికీ. ఆ కిటికీ పక్క బల్ల ఆమెది. వెబ్‌సైటులో తప్పులు పట్టడం ఆమె పని. అందరూ ఆమెను భూతద్దం అంటారు. మొదట్లో చాటుగా అనేవారు. ఒక పుట్టినరోజుకి నిజంగానే ఒక భూతద్దం కొనిచ్చాక ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఆమె దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టుకుంది.

అంతకు ముందు ఆమె ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేది. శుభలేఖలు, పాఠ్యపుస్తకాలు, మందుల చీటీలు, ఎవరో తమ తాతగారి మీద రాయించుకున్న పద్యాలు. అక్కడి పెద్దాయన మొదటిరోజే ఒక మాట చెప్పాడు. ప్రూఫు చూసేవాళ్లకి రచన మీద అభిప్రాయం ఉండకూడదమ్మా, తప్పుంటే గీత పెట్టు, లేదంటే పేజీ తిప్పు అని. ఆమె పేజీలు తిప్పుతూనే అభిప్రాయాలు పెంచుకుంది గాని ఎవరికీ చెప్పలేదు. చెప్పే స్వభావం కాదు. నలుగురు కూర్చుని మాట్లాడుకుంటూ ఉంటే ఆమె గ్లాసులు కడగడానికి లేచే రకం. అచ్చాఫీసు మూతపడ్డాక, అక్షరాల్లో తప్పు పట్టినదానివి బటన్లలో పట్టలేవా అంటూ చదువుకున్నప్పటి స్నేహితురాలు ఇక్కడికి లాక్కొచ్చింది. స్నేహితురాలు వేరే ఉద్యోగానికి వెళ్లిపోయింది. ఆమె ఉండిపోయింది.

వెబ్‌సైటును పరీక్షించాలంటే అందులో మనుషులు ఉండాలి. మొదట్లో వాళ్లే కల్పించుకునేవారు. కల్పించిన మనుషులు మహా బుద్ధిమంతులు. ఇంటి నంబరు అడిగితే ఇంటి నంబరే రాస్తారు, అడిగినవన్నీ వరసగా నింపుతారు, రెండుసార్లు బటన్ నొక్కరు. అలాంటివాళ్లతో పరీక్షించి వదిలితే, అసలు మనుషులు వచ్చిన మొదటి వారమే సైటు కాళ్లు చాపేసింది. అసలు మనుషులు ఇంటి నంబరు దగ్గర ‘నీలం గేటు’ అని రాస్తారు. ఒకే ఫోను నంబరు మీద ఇల్లంతా నమోదవుతుంది. కొందరు పేరు రాయవలసిన చోట తమ జబ్బు రాస్తారు. అందుకని ఆ తర్వాత నుంచి కొన్ని నెలలకొకసారి అసలు డేటాకి ఒక నకలు తీసి, పేర్లకీ ఫోన్లకీ చిరునామాలకీ ముసుగు వేసి, ఆ నకలు మీద పరీక్షలు చేయడం పద్ధతిగా పెట్టుకున్నారు.

ఆ ముసుగు ప్రోగ్రాము రాసినతన్ని మేస్త్రి అంటారు. ఏ పని గురించి మాట్లాడినా పునాది, గోడ, పూత అంటాడు కాబట్టి. కూరగాయలే ఎందుకని అడిగితే, భోజనానికి ముందు రాశాను, తిన్నాక రాసి ఉంటే అందరికీ దిండ్లూ దుప్పట్లూ అని పెట్టేవాణ్ని అనేవాడు. ఒకసారి బెండ అయిన మనిషి ఎన్ని నకళ్లు తీసినా అదే బెండగా ఉండాలని అడిగింది ఆమే. పాత నకలూ కొత్త నకలూ పక్కపక్కన పెట్టుకుంటే, మధ్యలో వాళ్లు మార్చిన పేజీల వల్ల ఎవరి బుకింగు చెడిందో తెలుస్తుందని. తెలివైన ఆలోచనే. అందరూ మెచ్చుకున్నారు.

బుకింగు పేజీలో అన్నిటికన్నా కింద ఒక పెట్టె ఉంది. పైన ‘డ్రైవరుకు ఏమైనా చెప్పాలా?’ అని ఉంటుంది. మేస్త్రి ఆ పెట్టెకు ముసుగు వేయలేదు. తొందరగా రా అని తప్ప అక్కడ ఎవరేం రాస్తారు అనుకున్నాడు. చాలామంది నిజంగానే అంతే రాస్తారు. గుమ్మడి 17 అలా కాదు.

గుమ్మడి 17 ప్రతి శనివారం పొద్దున కాలికి కట్టు మార్పించుకోవడానికి వెళ్తాడు. వయసు డెబ్బై పైన. ఒక్కడే. అతని మాట ఆమె కంట పడింది మామూలుగానే, పెట్టెలో ఎక్కువ అక్షరాలు పడితే పేజీ ఎలా ఉంటుందో చూడటానికి పెద్దవాటి కోసం వెతుకుతుంటే.

‘డ్రైవరు గారికి నమస్కారం. ఫోను చేయవద్దు, నాకు సరిగా వినబడదు. గేటు దగ్గర కుక్క మొరుగుతుంది కాని ఏమీ అనదు. హారను కొట్టవద్దు, పక్కింట్లో పసిపాప నిద్రపోతూ ఉంటుంది. నేనే ముందుగా బయట కుర్చీ వేసుకుని కూర్చుంటాను.’

ప్రూఫులు దిద్దిన కన్ను కదా, అలవాటుగా తప్పు కోసం వెతికింది. ఒక్కటీ దొరకలేదు. కామా ఉండవలసిన చోట కామా ఉంది. ఆ తర్వాతి శనివారానిది తెరిచింది.

‘డ్రైవరు గారికి నమస్కారం. ఫోను చేయవద్దు. పోయినవారం వచ్చిన బాబు, బండిలో ఉండిపోయిన నా చేతికర్ర ఇవ్వడానికి మళ్లీ వెనక్కి వచ్చాడు. ఆ బాబు మీరే అయితే కృతజ్ఞతలు. మీరు కాకపోతే దయచేసి ఆయనకు చెప్పండి.’

ఇంకొకటి. ‘పక్కింటి పాపకు పన్ను వచ్చింది. కుక్క ఈమధ్య మొరగడం కూడా మానేసింది, దానికీ వయసు మీదపడింది. అయినా మీరు జాగ్రత్తగానే రండి.’

ఆ తర్వాత ప్రతి కొత్త నకలు రాగానే ఆమె పని మొదలుపెట్టే ముందు గుమ్మడి 17 దగ్గరికి వెళ్లేది. పేపరు రాగానే చివరి పేజీ తిప్పేవాళ్లుంటారే, అలా. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆఫీసు విషయాలు గుమ్మం దాటకూడదన్నది నియమం, అది ఆమెకు కష్టమైన నియమమూ కాదు. పైగా ఇందులో చెప్పడానికి ఏముంది? ఎవరో తెలియని ముసలాయన, ఇంకెవరికో రాసుకున్న నాలుగు మాటలు.

ఈలోగా సైటులో ఒక మార్పు వచ్చింది. ఎవరో ఒకావిడ వీధి చివర నెట్ సెంటరులో బుకింగు పేజీ తెరిచిపెట్టి మరిచి వెళ్లిపోతే, తర్వాత కూర్చున్న కుర్రాళ్లు ఆవిడ జబ్బేమిటో, ఇల్లెక్కడో అంతా చదివారట. గొడవైంది. దాంతో ఐదు నిమిషాల నియమం పెట్టారు. సైటును నడిపే అవతలి యంత్రానికి ఐదు నిమిషాలు ఏ కబురూ అందకపోతే అది ఆ మనిషి వెళ్లిపోయినట్టు లెక్కేస్తుంది, ఎవరూ ముట్టుకోని పేజీ తనంతట తనే మూసుకుపోతుంది. పరీక్షించింది ఆమే. పేజీ తెరిచి, చేతులు ఒళ్లో పెట్టుకుని, గోడ గడియారం చూస్తూ కూర్చుంది. సరిగ్గా సమయానికి పేజీ మూసుకుంది. ‘సరిగా పనిచేస్తోంది’ అని రాసి, కింద తన పేరు పెట్టింది.

ఆ తర్వాత ఆరు నెలలకి, సైటులో కొత్త మార్పులు వదిలే ఇంకో పెద్ద రిలీజు ముందు, కొత్త నకలు వచ్చింది. గుమ్మడి 17 అందులో ఉన్నాడు. పేరుంది, వయసుంది, పాత శనివారాలన్నీ ఉన్నాయి. కొత్తవి లేవు. ఐదు నిమిషాల నియమం పెట్టిన వారం నుంచి ఒక్క శనివారం కూడా లేదు.

ఆమె రెండుసార్లు చూసింది. తర్వాత లేచి నీళ్లు తాగి వచ్చి మూడోసారి చూసింది.

టీమ్ లీడరు ఆమె కంటే పదేళ్లు చిన్న. మంచివాడే, కానీ రిలీజు దగ్గరపడితే అతని చెవులు మూసుకుపోతాయి. ఒకరు కనిపించడం లేదని ఆమె నసుగుతూ చెబితే, చూపు తెర మీదనుంచి తిప్పకుండానే విన్నాడు.

“అక్కా, మనుషులు బాగుపడతారు. కట్టు విప్పేస్తారు. కూతురింటికి వెళ్లిపోతారు. పోనూ పోతారు. బండి బుక్కవుతోందా లేదా చూడటం మన పని. ఎవరు ఎక్కలేదో చూసుకుంటూ కూర్చుంటే శుక్రవారం రిలీజు ఎవరు చేస్తారు?”

అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. సీటుకి వెళ్లి కూర్చుంది. కుర్చీ వేసుకుని బయట కూర్చుంటానన్న మనిషి ఆ కుర్చీలో లేడన్న బొమ్మ కళ్లముందు నుంచి పోలేదు. మానని కాలు. వినబడని ఫోను.

మధ్యాహ్నం టీ దగ్గర మేస్త్రి కలిశాడు. “ఏంటి భూతద్దం, మొహం అలా వేలాడేశావు? ఎవరైనా పోయారా?” అన్నాడు అలవాటు ప్రకారం. ఆమె తాగని టీ పక్కన పెట్టేసరికి అతని నవ్వు సగంలో ఆగింది. మెల్లిగా అడిగి తెలుసుకున్నాడు. ముసుగు తీసే తాళం అతని దగ్గరే ఉంటుంది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“ఊ అను. ఫోను నంబరు నీ చేతిలో పెడతాను. నువ్వు అడగలేదు, నేను ఇవ్వలేదు.”

“ఫోన్ చేస్తే ఆయనకి వినబడదు” అంది ఆమె.

ఆమెకు ఊ అనాలనే ఉంది. ఇల్లెక్కడో తెలిస్తే ఆ వీధిలో ఒకసారి నడిచి రావచ్చు, అంతే కదా అనిపించింది. కానీ ఆయన ఎదురుపడితే ఏమని చెబుతుంది? పక్కింటి పాప ఎలా ఉందండీ అని అడుగుతుందా? డ్రైవరు కోసం రాసుకున్న మాటలు ఇన్నాళ్లూ ఎవరో ఆడమనిషి టీ తాగుతూ చదువుకుంటోందని తెలిస్తే, ఆయన మళ్లీ ఆ పెట్టెలో ఒక్క అక్షరం రాస్తాడా? మేస్త్రికి ఊ అనలేదు, వద్దనీ అనలేదు. గ్లాసు కడిగిపెట్టి వచ్చేసింది.

వచ్చాక, ఒక మనిషిని వెతకడం మానేసి అందరి మాటలూ చదవడం మొదలుపెట్టింది. ఆరునెలల ముందువి ఒకవైపు, తర్వాతివి ఒకవైపు. ముందువాటిలో గుమ్మడి ఒక్కడే కాడు, పెద్దగా రాసేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. మెట్లు దిగడానికి చెయ్యి పట్టుకోవాలని ఒకరు, ముందు సీటైతే కడుపులో తిప్పదని ఒకరు, దారిలో మందుల షాపు దగ్గర ఒక్క నిమిషం ఆపమని ఒకరు. తర్వాతివాటిలో ‘తొందరగా రండి’. ‘నీలం గేటు’. ‘రెండో అంతస్తు’. పొడుగు మాటలన్నీ ఒకే వారం నుంచి మాయమయ్యాయి. ఇంతమంది ఒకే వారంలో బాగుపడరు. ఒకే వారంలో పోరు కూడా.

అయితే పేజీలోనే ఏదో ఉంది. గుమ్మడి పాత మాటల్లో అన్నిటికన్నా పొడుగుది తీసి, కాపీ చేసి, కొత్త పేజీలోని పెట్టెలో అతికించి, బటన్ నొక్కింది. బుకింగు నిక్షేపంగా అయిపోయింది. మళ్లీ చేసింది. మళ్లీ అయింది. పరీక్షల ప్రోగ్రాము చేత చేయించింది. అది కళ్లు మూసి తెరిచేలోగా ఇరవై బుకింగులు చేసి, అన్నీ సరేనని పచ్చగా చూపించింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అత్తగారు ఎవరో ఇచ్చిన చొక్కాకి కాలరు విప్పుతోంది. ఆవిడ వయసులో ఉన్నప్పుడు బడిపిల్లల బట్టలు కుట్టేది. ఇప్పుడు కళ్లు సహకరించకపోయినా, ఇరుగుపొరుగు ఇచ్చే చిల్లరమల్లర కుట్టుపని వదలదు. కొడుకు ఊళ్లు తిరిగే ఉద్యోగంలో ఉంటాడు కాబట్టి ఇంట్లో ఎక్కువరోజులు అత్తాకోడళ్లిద్దరే. ఆవిడ ఒక్కో కుట్టూ బ్లేడు కొసతో ఎత్తి, తెంపి, దారం లాగి పక్కన పెట్టడం ఆమె గుమ్మంలో నిలబడే చూసింది. చాలాసేపు చూసింది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, అత్తగారిని కూర్చోబెట్టింది. పరీక్షల సైటే అది, అందులో బుక్ చేస్తే ఏ బండీ రాదు.

“ఎవరికి బాగాలేదు?” అంది అత్తగారు కళ్లజోడు తుడుచుకుంటూ.

“ఎవరికీ కాదు అత్తయ్యా, ఉత్తుత్తిదే. మీకు మోకాలి నొప్పి అనుకోండి.”

“అనుకోవడం దేనికి, ఉన్నదేగా.”

తను వేలు పెట్టకూడదని ఆమె ముందే నిశ్చయించుకుని చేతులు కట్టుకుని కూర్చుంది. అత్తగారు ఒంటివేలితో, సూదిలో దారం ఎక్కించేటంత జాగ్రత్తగా, ఒక్కో అక్షరాన్నీ వెతికి పట్టుకుంది. కనబడని అక్షరాన్ని ‘ఎక్కడ చచ్చావే’ అని పలకరించింది. ఆసుపత్రి పేరు ఎంచుకుంది, తేదీ ఎంచుకుంది. చివరి పెట్టె దగ్గర ఆగింది.

“ఈ డ్రైవరు పెద్దాయనా, కుర్రాడా?”

“ఎందుకు?”

“నువ్వు అని రాయాలో మీరు అని రాయాలో తెలియాలిగా, అమ్మాయ్.”

కాసేపు ఆలోచించి మీరు అనే మొదలుపెట్టింది. రెండు మాటలు రాసి ఒకటి కొట్టేసింది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే లేచి వెళ్లి, మంట తగ్గించి, పాలగిన్నె మీద మూత పెట్టి వచ్చి, ఎక్కడున్నానూ అని మొదటినుంచీ చదువుకుంది. ఇంకో మాట చేర్చింది. బండి గుమ్మం ఎత్తుగా ఉంటే పీట తెచ్చుకుంటానని రాసింది. అంతా పూర్తిచేసి, తృప్తిగా ఊపిరి వదిలి, వేలు ఎత్తి, బటన్ నొక్కింది.

తెర మీద మొదటి పేజీ వచ్చింది. మీ నంబరూ పాస్‌వర్డూ ఇవ్వండి అని, ఎవరో కొత్తవాళ్లని అడిగినట్టు అడిగింది. రాసినదాని ఊసే లేదు.

పెట్టెలో రాస్తున్నంతసేపూ మనిషి పనిచేస్తున్నట్టు ఆ పేజీకి తెలుసు, అందుకే అది మూసుకోలేదు. ఆ పేజీని పంపిన యంత్రానికి తెలియదు. బటన్ నొక్కేదాకా దాని లెక్కలో ఆ మనిషి కుర్చీలోంచి లేచిపోయినట్టే. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. కానీ ఆఫీసులో ఎవరూ ఆ పేజీ దగ్గర ఐదు నిమిషాలు గడపలేదు. ఎన్ని వందలసార్లు నింపారో, కళ్లు మూసుకుని కూడా నింపగలరు. ఐదు నిమిషాలు కూర్చున్నది ఆమె ఒక్కతే, చేతులు ఒళ్లో పెట్టుకుని.

అత్తగారు లాప్‌టాప్‌ను రెండు వేళ్లతో, వేడి గిన్నెను నెట్టినట్టు, ఆమె వైపు నెట్టింది.

“నేనే ఏదో నొక్కేసుంటాను. ఇవి నాకు రావు. నువ్వే చేసుకో, అమ్మాయ్.”

“తప్పు మీది కాదు అత్తయ్యా. నాది.”

“పొద్దున్నుంచీ అక్కడ కూర్చుని ఒక్క వేలు కదపలేదు, నీదెలా అవుతుంది?”

ఆరునెలల కిందట కదిపాను, అనుకుంది ఆమె. పైకి మాత్రం ఇంకోసారి ప్రయత్నించమని బతిమాలింది. అత్తగారు వినలేదు. బ్లేడు తీసుకుని కాలరు ముందు కూర్చుంది. ఆ పూటంతా ఆవిడ ముఖంలో చిన్నబుచ్చుకోవడం పోలేదు. ఒక్క ఫిర్యాదు కూడా ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది. ఎవరి ఇంట్లో వాళ్లు, నేనే ఏదో నొక్కేసుంటాను అనుకుని లేచిపోయారు.

సోమవారం పొద్దున అందరికన్నా ముందు ఆఫీసుకి వెళ్లి రిపోర్టు రాయడం మొదలుపెట్టింది. ఐదు నిమిషాల నియమం సంగతి, నెమ్మదిగా రాసేవాళ్ల బుకింగులు పోతున్న సంగతి, దాన్ని పరీక్షించి సరిగా ఉందన్నది తనేనన్న సంగతి రాసింది. అంతవరకూ చేతికి అడ్డం రాలేదు. తర్వాత, ఇది ఎలా బయటపడింది అనే గడి వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

పొడుగు మాటలు తగ్గాయని గమనించాను అని రాస్తే సరిపోతుంది. అబద్ధమూ కాదు. కానీ ముందు గమనించింది అది కాదు. ముందు ఒక మనిషి లేకపోవడం గమనించింది. కూరగాయ పేరు పెట్టి, ఫోను మార్చి, ఇల్లు మార్చి, ఎవరూ పోల్చుకోకూడదని దాచిన మనిషిని ఆమె పోల్చుకుంది, పోగొట్టుకుంది, మనసు పాడుచేసుకుంది కూడా. ఆ సంగతి రాస్తే ఆ పెట్టెకు ముసుగు పడుతుంది. ఎన్ని నకళ్లయినా అదే పేరు ఉండే పద్ధతీ పోతుంది. ఆయన తిరిగి వచ్చినా ఆమెకు తెలిసే దారి ఉండదు.

మేస్త్రి వచ్చి భుజం మీదుగా చదివాడు. అప్పటికి రెండో విషయం, ఆయన్ని పోల్చుకున్న సంగతి, సగం రాసింది.

“మొదటిది రాయి, చాలు. రెండోది దేనికి? పెట్టె వదిలేశానని నాకు చీవాట్లు, చదివావని నీకు చీవాట్లు. పైగా ఆ ముసలాయన నీకు మళ్లీ కనిపించడు.”

కింద టైర్ల దుకాణంలో ఎవరో గాలి కొట్టిస్తున్నారు.

“నేను ఆయన్ని వీధిలో చూసినా గుర్తుపడతాను, మేస్త్రీ. కుర్చీ, కుక్క, చేతికర్ర. నేను గుర్తుపట్టానంటే ఇంకెవరైనా పడతారు. అందరూ నాలాగే ఊరుకుంటారని ఏముంది?”

మేస్త్రి టీ గ్లాసు అంచు గోకుతూ నిలబడ్డాడు. “అయితే గోడ కట్టి కిటికీ తెరిచి వదిలేశానన్నమాట” అన్నాడు చివరికి. తర్వాత తన కుర్చీ లాక్కొచ్చుకుని ఆమె పక్కనే కూర్చుని, ఆ పెట్టెను వదిలేసింది నేను అని తన వాక్యం కూడా అందులో రాయించాడు.

లీడరుకి ముందు కోపం వచ్చింది. శుక్రవారం అని రెండుసార్లు అన్నాడు. కాసేపయ్యాక ఆమె బల్ల దగ్గరికి వచ్చి, ఎంత పొడుగు మాటలు అక్కా, చూపించండి అని అడిగాడు. ఆమె అత్తగారు రాసిన మాటే కాగితం మీద రాసిచ్చింది. అతను తన సీట్లో కూర్చుని, చేతి గడియారం తీసి ఎదురుగా పెట్టుకుని, ఒంటివేలితో కొట్టడం మొదలుపెట్టాడు. గదిలో అందరూ చూడనట్టే చూస్తున్నారు. పీట దగ్గరికి వచ్చేసరికి ఐదు నిమిషాలు దాటాయి. బటన్ నొక్కితే మొదటి పేజీ వచ్చింది. అతను గడియారం మళ్లీ చేతికి పెట్టుకుని, శుక్రవారం రిలీజు లేదని అందరికీ రాశాడు.

ఆ వారమంతా పేజీ మరమ్మతు జరిగింది. రాస్తున్నంతసేపూ మూసుకోకుండా, ఒకవేళ మూసుకున్నా రాసినది పోకుండా, ఏం జరిగిందో మామూలు మాటల్లో చెప్పేలా మార్చారు. ఆ ఆరునెలల్లో బుకింగు మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయినవాళ్ల జాబితా బళ్ల సంస్థకే అప్పగించారు. వాళ్లకు చూసే హక్కుంది. వాళ్లు ఫోన్లు చేశారు. ఫోను ఎత్తనివాళ్ల ఇళ్లకు డ్రైవర్లే వెళ్లి చూసి వచ్చారని లీడరు చెప్పాడు. కొందరు మళ్లీ వస్తామన్నారట. కొందరు ఇల్లు మారారట. ఒకరిద్దరు లేరట.

ఆమె ఆ ఒకరిద్దరూ ఎవరని అడగలేదు. అడిగినా అతనికి తెలియదు. గేటు దగ్గర కుక్కను చూసిన డ్రైవరు ఎవరో ఉండే ఉంటాడు. అతనికి తెలుసు. మొదటినుంచీ ఆ మాటలు రాసింది అతని కోసమే.

పాత నకళ్లన్నీ చెరిపేయాలని తీర్మానం అయింది. ఆ పని ఆమె చేతిమీదే జరిగింది. నిజంగా తీసేయమంటారా అని తెర అడిగింది. చివరిసారి గుమ్మడి 17ను తెరిచి చదువుదామా అనుకుంది. తెరవలేదు. తెరవాల్సిన పని కూడా లేదు, అన్నీ నోటికి వచ్చు. వాటిని మనసులోంచి చెరిపే బటను ఎక్కడుందో ఆమెకు తెలియదు. తీసేయమని నొక్కింది.

కొత్త ముసుగు మేస్త్రి భోజనం తర్వాత రాశాడు. దిండ్ల పేర్లు పెట్టలేదు. పేర్లే లేవు, అంకెలు మాత్రమే, అవీ నకలు నకలుకీ మారిపోతాయి. రోజులు కూడా కలిపేశాడు. శనివారం మనిషి మంగళవారంలో ఉండొచ్చు, ఇంకెక్కడైనా ఉండొచ్చు. పెట్టెలో ఎవరేం రాసినా ప్రతి అక్షరం బదులూ ఒక ‘క’ పడుతుంది. పొడవు మాత్రం ఉన్నంతా ఉంటుంది. ఆమె అడిగింది అదొక్కటే.

వేసవి అయిపోయాక మొదటి నకలు వచ్చింది. ఆమె కాగితాల మీది భూతద్దం పక్కకి జరిపి, కిటికీ ఇంకాస్త తెరిచి, చూడటం మొదలుపెట్టింది. కకక. కకకకక. తర్వాత ఒకచోట తెర ఈ అంచు నుంచి ఆ అంచుదాకా క, కింద వరసలో క, దాని కింద ఇంకో రెండు వరసలు. మరికొంత దూరంలో ఇంకొకటి. పొడుగు మాటలు తిరిగి వచ్చాయి, చాలానే వచ్చాయి. అన్నిటికన్నా పొడుగుది ఒక బుధవారంలో ఉంది.

“దొరికాడా?” అన్నాడు మేస్త్రి వెనకనుంచి.

“ఏమో. తెలియకూడదనేగా నువ్వు రాసింది.”

ఆమె ఆ బుధవారపు వరస ఎన్ని అక్షరాలో చూసుకుంది. దాన్ని కాపీ చేసి అతికించవచ్చు. అలా చేయలేదు. పరీక్షల పేజీ తెరిచి, చివరి పెట్టెలోకి వెళ్లి, ఒంటివేలితో మొదలుపెట్టింది. క. క. మధ్యలో లేచి నీళ్లు తాగి వచ్చింది. కళ్లజోడు తుడుచుకుంది. ఎక్కడున్నానా అని మొదటినుంచీ చూసుకుంది. గోడ గడియారం ఐదు నిమిషాలు దాటి, పది కూడా దాటింది. పేజీ ఎక్కడికీ పోకుండా అలాగే ఉంది. ఆమె తర్వాతి అక్షరం కొట్టింది.